పరామర్శకు వెళ్లిన ప్రధాని, జిరాక్సులు అడిగిన నేను

2019 మార్చి 15న తెలుగు చానళ్లకు ఇంకో వార్త చూసే తీరిక లేదు. ఆ పొద్దున పులివెందులలో మాజీ మంత్రి వివేకానందరెడ్డి చనిపోయారు. మొదట గుండెపోటన్నారు, తర్వాత హత్య అన్నారు. ఎన్నికల షెడ్యూలు వచ్చి ఐదు రోజులే అయింది కనుక ఇక రోజంతా అదే గోల. తెర అడుగున పాకే అక్షరాల్లో మాత్రం న్యూజిలాండ్ మసీదుల్లో కాల్పులని ఒక వరుస వచ్చి పోతూ ఉంది. తిరుపతిలో మా వంటింటి గుమ్మంలో నిలబడి ఆ వరుస చదివాను. అయ్యో అనుకున్నాను. మళ్లీ పులివెందులలో పడిపోయాను. దాచుకోవడం ఎందుకు, అంతే జరిగింది.

రెండు మూడు రోజుల తర్వాత ఒక ఫొటో చూశాక గానీ ఆ వార్త నన్ను పట్టుకోలేదు. అద్దంలోంచి తీసిన ఫొటో. ఆ దేశపు అప్పటి ప్రధాని జెసిండా ఆర్డెర్న్ తల మీద నల్లటి ముసుగు కప్పుకుని, రెండు చేతులూ ముడుచుకుని, ఎవరో చెబుతున్నది వింటున్నారు. ఆ ముఖం నాకు బాగా తెలిసిన ముఖం. చావు ఇంట్లో చాప మీద కూర్చున్నప్పుడు మా అమ్మ ముఖం అలాగే ఉండేది.

పరామర్శ అనే మాటను మన నాయకులు పాడుచేశారు. ఫలానా నేత ఫలానా కుటుంబాన్ని పరామర్శించారని పేపర్లో చదవగానే ఇస్త్రీ చొక్కాలు, నాలుగైదు మైకులు, ఎక్స్‌గ్రేషియా చెక్కు కళ్లముందు ఆడతాయి. ఇళ్లలో దానికి వేరే పద్ధతి ఉంది. మా అమ్మ బయలుదేరే ముందు తలలో పూలు తీసి దేవుడి గూట్లో పెట్టేది. జరీ ఉన్న చీర అయితే మార్చుకునేది. అక్కడ కూర్చున్నాక 'ఎలా జరిగింది' అని తనంతట తాను అడిగేది కాదు, వాళ్లు చెబితే వినేది. లేచేటప్పుడు 'వెళ్లొస్తాను' అనేది కాదు. మాట్లాడకుండా గడప దాటేది. ఏడుపు ఎవరిదైతే మర్యాద కూడా వాళ్లదే, మనం దానికి లోబడి కూర్చోవాలి. ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేదు, అయినా మన ఊళ్లలో ప్రతి ఆడమనిషికీ తెలుసు.

ఆర్డెర్న్ ముసుగును నేను అలాగే చదువుకున్నాను. కాల్పులు జరిగిన అల్ నూర్ మసీదు ఇమాం కూడా ఆ మామూలు గుడ్డముక్కతో మమ్మల్ని గౌరవించారని అందరి ముందూ కృతజ్ఞత చెప్పారు. ఆ తర్వాతి శుక్రవారం న్యూజిలాండ్ అంతటా ముస్లింలు కాని స్త్రీలు కూడా ముసుగులు వేసుకున్నారు. ఇది ఎక్కువైందని, వేషంలా ఉందని విసుక్కున్న ముస్లిం స్త్రీలు ఉన్నారు. వాళ్ల మాట కొట్టేయలేను. పూలు తీసేసి వెళ్లడం వేరు, తీసేశానని వీధంతా చెప్పుకుంటూ తిరగడం వేరు.

అక్కడ జరిగింది తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. క్రైస్ట్‌చర్చ్ నగరంలో శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ ఒక ఆస్ట్రేలియన్, తెల్లజాతి ఆధిపత్యం పిచ్చి తలకెక్కినవాడు, రెండు మసీదుల్లో కాల్పులు జరిపాడు. 51 మంది చనిపోయారు. వారిలో భారతీయులున్నారు, హైదరాబాదువాళ్లూ ఉన్నారు. మొదటి మసీదు గుమ్మంలో వాణ్ణి 'సోదరా' అని పలకరించిన మనిషి ఆ చనిపోయినవాళ్లలో ఒకరు. వాడు దాన్నంతా ఫేస్‌బుక్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశాడు. మొదటి 24 గంటల్లో 15 లక్షల కాపీలు తొలగించామని ఆ సంస్థే చెప్పింది. ఆ లెక్కలోకి రానిది ఒకటి మా స్టాఫ్ గ్రూపులోకి కూడా వచ్చింది. తెరవకుండా చెరిపేశాను. పంపినవారు ఈ రోజుకీ నా పక్క కుర్చీలోనే కూర్చుంటారు.

ఆ హంతకుడి పేరు తన నోట ఎప్పటికీ వినరని ఆర్డెర్న్ పార్లమెంటులో అన్నారు. చంపినవాడి పేరు కాదు, పోయినవాళ్ల పేర్లు చెప్పుకోండి అన్నారు. మన పల్లెల్లో కూడా పరమ దుర్మార్గుడి గురించి 'వాడి పేరెత్తను' అనే అంటారు. కాబట్టి నేనూ ఎత్తను.

ఇంతవరకు మాటలు, ముసుగులు. అక్కడే ఆగి ఉంటే నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. అంత్యక్రియల ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంది. ఇస్లాంలో శవాన్ని ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా ఖననం చేయాలి. ఇక్కడేమో పోలీసులు గుర్తింపు పూర్తి చేయందే అప్పగించలేరు. ఆ నాలుగైదు రోజులు కుటుంబాలకు నరకం. ఇతర ఊళ్ల నుంచి ముస్లింలు సెలవు పెట్టుకుని వచ్చి శవాలకు స్నానం చేయించే పనిలో చేయి వేశారు. మార్చి 20న మొదటి ఖననం జరిగింది. సిరియా యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన తండ్రీ కొడుకుల్ని పక్కపక్కన పూడ్చారు. ఆ సమయంలో మసీదుల్లో ఉన్నవారికి, వారి దగ్గరి కుటుంబసభ్యులకు శాశ్వత నివాసం ఇచ్చే ప్రత్యేక వీసాను ఏప్రిల్‌లో ప్రకటించారు. భర్త పోతే భర్త వీసా మీద ఉన్న భార్య దేశం వదిలిపోవలసి వస్తుందని ఏ గుమాస్తాకో, ఏ అధికారికో ముందు తట్టి ఉండాలి. నాకు ఆ గుమాస్తా మీద ప్రధాని మీదకన్నా ఎక్కువ గౌరవం. కరుణ అంటే కళ్లు చెమర్చడం అనుకుంటాం గానీ, దానిలో సగం ఫైళ్ల పనే.

తుపాకుల సంగతీ అంతే. దాడి జరిగిన ఆరో రోజున సైనిక తరహా సెమీ ఆటోమేటిక్ తుపాకులను నిషేధిస్తున్నామని ప్రకటించారు. ఏప్రిల్ 10న పార్లమెంటులో 119 ఓట్లు చట్టం వైపు, ఒక్క ఓటు ఎదురు. తర్వాత డబ్బిచ్చి జనం దగ్గరున్న తుపాకులు వేల సంఖ్యలో వెనక్కి తీసుకున్నారు. హంతకుడికి 2020 ఆగస్టులో పెరోల్ లేని యావజ్జీవం పడింది, ఆ దేశ చరిత్రలో అది మొదటిసారి. తీర్పుకు ముందు బాధితులు సుమారు 90 మంది కోర్టులో తమ గోడు వినిపించారు. కరుణ చూపితే నేరస్థుడు తప్పించుకుంటాడని భయపడేవాళ్లు ఈ పేరా ఇంకోసారి చదవాలని నా మనవి.

ఇక నా వృత్తికి సంబంధించిన సంగతి. నేను ఇంటర్మీడియట్ పిల్లలకు తెలుగు చెబుతాను. దాడి జరిగిన రోజునే ఆర్డెర్న్ ఇంగ్లీషులో 'They are us' అని మూడు మాటలన్నారు. దాన్ని తెలుగు చేయమని ఒకసారి తరగతిలో ఇచ్చాను. సగం మంది 'వాళ్లు మేమే' అని రాశారు, సగం మంది 'వాళ్లే మనం' అని రాశారు. ఇంగ్లీషుకు ఈ చిక్కు లేదు, రెంటికీ ఒకటే మాట. తెలుగులో తప్పించుకోలేం. 'మేము' అంటే వింటున్నవాడు గుమ్మం బయట నిలబడి ఉంటాడు. 'మనం' అనగానే లోపలికి వచ్చి కూర్చుంటాడు. కనుక 'మనం' అనే ముందు తెలుగువాడు ఒక్క క్షణం లెక్క వేసుకోవాలి, ఎదుట ఉన్నది ఎవరు అని.

వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి అడిగింది. "మేడం, ఆమె ఈ మాట ఎవరితో అంటున్నారు? చనిపోయినవాళ్ల ఇంటివాళ్లతోనా, మిగతావాళ్లతోనా?" అప్పటికప్పుడు నాకు జవాబు తోచలేదు. ఇంటికి వచ్చి ఆలోచించాను. మొదటి రోజు ఆ మాట మిగతావాళ్లతో అన్నది. వలస వచ్చినవాళ్లు కావచ్చు, శరణార్థులు కావచ్చు, ఇది వాళ్ల ఇల్లు, వాళ్లే మనం అని. ఎంత మంచిగా అన్నా అందులో వాళ్లు ఇంకా 'వాళ్లే'. నాలుగో రోజున పార్లమెంటులో 'అస్సలాము అలైకుమ్' అని మొదలుపెట్టారు. మార్చి 22న మసీదుకు ఎదురుగా ఉన్న హేగ్లీ పార్కులో దాదాపు 20,000 మంది నిలబడితే, అజాన్ దేశమంతటా ప్రసారమైంది, రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఒంట్లో ఒక భాగానికి నొప్పి పుడితే ఒళ్లంతా బాధపడుతుందన్న ప్రవక్త మాట చెప్పి, న్యూజిలాండ్ మీతో కలిసి దుఃఖిస్తోంది, మనం ఒక్కటే అన్నారు. 'వాళ్లు' నుంచి 'మీరు'కు, 'మీరు' నుంచి 'మనం'కు రావడానికి వారం పట్టింది. మరునాడు ఆ అమ్మాయికి ఇదే చెప్పాను. "వారమేనా మేడం?" అంది.

నాకు పన్నెండేళ్లు కూడా చాలలేదు. అది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

తిరుపతివాళ్లకు పుత్తూరు అంటే ఎముక విరిగితే కట్టు కట్టించుకునే ఊరు. 2013 అక్టోబర్ 5న అది వేరే కారణానికి టీవీల్లోకి ఎక్కింది. తమిళనాడులో హత్య కేసుల్లో నిందితులైన ఇద్దరు ముస్లింలు అక్కడ ఒక అద్దె ఇంట్లో ఉంటున్నారని తెలిసి తమిళనాడు పోలీసులు, మన పోలీసులు ఆ ఇంటిని గంటల తరబడి చుట్టుముట్టి వాళ్లను పట్టుకున్నారు. లోపలికి వెళ్లిన ఒక ఇన్‌స్పెక్టర్ తీవ్రంగా గాయపడ్డారు. ఆ ఇంట్లో ఒక స్త్రీ, ముగ్గురు చిన్నపిల్లలు కూడా ఉన్నారు. కొండ మీద బ్రహ్మోత్సవాల రోజులు అవి. ఊరంతా అదే మాట. 'అద్దె ఇల్లు' అనే మాట ప్రతి ఇంటి యజమాని గుండెలో గుచ్చుకుంది.

మా మేడ మీద పోర్షన్‌లో అప్పటికి నాలుగేళ్లుగా ఒక దర్జీ కుటుంబం ఉండేది. భార్య, ఇద్దరు ఆడపిల్లలు. అద్దె ఐదో తేదీ దాటేది కాదు. మా వెనక పోర్షన్‌లో ఆరు నెలల కిందట అనంతపురం నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి ఉండేవాడు. వీధిలో నలుగురు యజమానులు మాట్లాడుకున్నారు. సాయంత్రం నేను మేడ మెట్లెక్కి "భాయ్, ఏమీ అనుకోకండి, మీ కార్డుల జిరాక్సులు ఒక సెట్టు ఇస్తారా, ఊరికే" అన్నాను. ఆ 'ఊరికే' నాకు ఇంకా వినిపిస్తుంది. వెనక పోర్షన్ తలుపు తట్టలేదు. ఆ బ్యాంకు ఉద్యోగి ఇంటిపేరు కూడా నాకు సరిగ్గా తెలియదు.

మరునాడు ఉదయం భాయ్ ఖాకీ కవరు తెచ్చి ఇచ్చాడు. అడిగినదానికన్నా ఎక్కువే ఉన్నాయి. రేషన్ కార్డు, ఓటరు కార్డు, పిల్లల స్టడీ సర్టిఫికెట్లు, పోయిన తండ్రి పేరు మీద ఉన్న పాత రేషన్ కార్డు. కాగితాలన్నీ కుట్టడానికి ఇచ్చిన జాకెట్టు ముక్కల్లా అంచుకు అంచు కలిపి మడిచి ఉన్నాయి. కవరు మూల మీద నీలం చాక్‌పీసు పొడి. "అన్నీ ఉన్నాయి మేడం. ఇంకేమైనా కావాలంటే చెప్పండి" అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే నాకు కష్టంగా తోచింది. సంక్రాంతికి ముందే ఇల్లు ఖాళీ చేశాడు. పిల్లల బడి దూరమవుతోందన్నాడు. బడి మా ఇంటి నుంచి రెండు వీధుల అవతలే. సరే భాయ్ అన్నాను, అడ్వాన్సు పైసాతో సహా తిరిగి ఇచ్చాను. ఆ కవరు ఇప్పటికీ బీరువాలో, ఇంటిపన్ను రసీదుల మధ్య ఉంది.

భద్రత అని నాకు నేను చెప్పుకోవచ్చు. చెప్పుకున్నాను కూడా. అయితే అలిపిరి సంగతేమిటి? 2003 అక్టోబర్ 1న బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు తీసుకుని కొండెక్కుతున్న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కారును పీపుల్స్‌వార్ నక్సలైట్లు క్లెమోర్ మైన్లతో పేల్చారు. ఆయన గాయాలతో బయటపడ్డారు. మా ఊళ్లో జరిగిన దాడి, పుత్తూరుకన్నా చాలా దగ్గర. ఆ తర్వాత తిరుపతిలో ఏ ఇంటి యజమానైనా ఫలానా కులం వాళ్లు నక్సల్స్‌లో ఉంటారట, మీ కార్డులు ఇవ్వండి అని అడిగినట్టు నేను వినలేదు. నేనైతే అడగలేదు. మేడ మీద అప్పుడు ఇంకో కుటుంబం ఉండేది, తనిఖీ అన్న ఆలోచనే రాలేదు. అలిపిరి దగ్గర ఈ రోజుకీ సంచులన్నీ యంత్రంలోంచి వెళ్లాలి. అందరి సంచులూ వెళ్లాలి. దాన్ని భద్రత అంటారు. నేను మేడ మీద చేసినదానికి వేరే పేరుంది.

ఇంకో సిగ్గు కూడా ఉంది. బీబీ నాంచారి కథ, ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు వచ్చి మొక్కడం, తిరుమలలో మంగళవారం అష్టదళ పాదపద్మారాధనకు గుంటూరు ముస్లిం భక్తుడు ఇచ్చిన 108 బంగారు పూలు, ఇవన్నీ నేను పాఠం మధ్యలో గొప్పగా చెప్పే విషయాలు. మన మట్టిలోనే ఉంది అంటాను. కథ చెప్పడానికి ఏమీ ఖర్చు కాదు. పోర్షన్ ఇవ్వడం దగ్గరే తేలుతుంది.

మా అన్నయ్య సైన్యంలో పనిచేసి చిత్తూరులో ఇల్లు కట్టుకున్నాడు. ఈ వాదన అంతా ఒకసారి ఆయన ముందు పెట్టాను. కాఫీ గ్లాసు పక్కన పెట్టి అన్నాడు. "చూడమ్మా, ఆ దేశం జనాభా 50 లక్షలు. మన పాత చిత్తూరు జిల్లా ఒక్కటే 2011లో 41 లక్షలు. వాళ్లకు చుట్టూ సముద్రం. మనకు సరిహద్దు. అక్కడ చంపినవాడు పరాయి దేశం వాడు, ఒంటరివాడు. వాణ్ణి 'మనం' కాదనడం తేలిక. ఇక్కడ మనవాళ్లను చంపుతూ మతం పేరు చెబుతుంటే నువ్వు ముసుగులంటావేమిటి?"

ఇందులో చాలాభాగం నిజం. న్యూజిలాండ్‌ను నెత్తిన పెట్టుకోనక్కర లేదనడానికి నేను ఇంకొకటి కలిపాను. ఆ దేశమే విచారణకు వేసిన రాయల్ కమిషన్ నివేదిక 2020 డిసెంబరులో బయటికి వచ్చింది. తుపాకీ లైసెన్సు ఇచ్చేటప్పుడు పోలీసులు చేయవలసిన విచారణ సరిగ్గా చేయలేదని, నిఘా సంస్థల చూపంతా ముస్లిం ఉగ్రవాదం మీదే ఉండిపోయిందని అందులో తేలింది. ముస్లిం సంఘాలు మాకు బెదిరింపులు వస్తున్నాయని అంతకుముందు ఏళ్లుగా మొర పెట్టుకుంటున్నాయి. అంటే ఆ ప్రభుత్వం కూడా జిరాక్సులు అడుగుతూనే ఉంది, అడగవలసినవాణ్ణి వదిలేసి. ఆర్డెర్న్ క్షమాపణ చెప్పారు. 51 సమాధుల తర్వాత.

అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే ఒక విషయం ఎత్తాడు. క్రైస్ట్‌చర్చ్‌కు దాదాపు నెల ముందు, 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఆ వారంలో కొన్ని ఊళ్లలో కాశ్మీరీ విద్యార్థుల మీద, శాలువాలు అమ్ముకునేవాళ్ల మీద దౌర్జన్యాలు జరిగాయి. వాళ్లను కాపాడమని సుప్రీంకోర్టు రాష్ట్రాలకు ఆదేశాలివ్వవలసి వచ్చింది. కోర్టుకన్నా ముందే, ఇతర రాష్ట్రాల్లో ఇబ్బంది పడుతున్న కాశ్మీరీలు ఏ సమయంలోనైనా 14411కు ఫోను చేయండి అని ఒక ప్రకటన వచ్చింది. "ఎవరు ఇచ్చారో తెలుసా? సీఆర్‌పీఎఫ్. ఇంకా వాళ్ల కుర్రాళ్ల చితులు ఆరలేదు" అన్నాడు. "అది క్రమశిక్షణ. జాలి అని పేరు పెట్టకు."

సరే అన్నయ్యా, పెట్టను. పేరు ఏదైతేనేం. మన దేశంలో ఆ పద్ధతి లేదనడం మాత్రం అబద్ధం. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపారు. మన కావలి మనిషి, విశాఖ మనిషి ఆ జాబితాలో ఉన్నారు. వారిని కాపాడబోయి అక్కడి గుర్రపు సవారీ కుర్రాడొకరు చనిపోయాడు. మరునాడు కాశ్మీర్ లోయ అంతా దుకాణాలు మూసి నిరసన తెలిపింది. భర్తను పోగొట్టుకున్న ఒక కొత్త పెళ్లికూతురు, ముస్లింల మీద, కాశ్మీరీల మీద పడకండి, మాకు శాంతి కావాలి, న్యాయం కూడా కావాలి అంది. ఆ అమ్మాయిని మనవాళ్లు సామాజిక మాధ్యమాల్లో ఎన్ని మాటలన్నారంటే జాతీయ మహిళా కమిషన్ కల్పించుకుని ఖండించవలసి వచ్చింది. న్యూజిలాండ్‌లో ప్రధాని చెప్పిన మాట మన దగ్గర విధవరాలు చెప్పింది. అక్కడ విన్నారు. తేడా నాకు వినేవాళ్ల దగ్గర కనిపిస్తుంది, చెప్పేవాళ్ల దగ్గర కాదు.

ఆ శుక్రవారం, ఏప్రిల్ 25న, కొర్లగుంట వైపు పని ఉండి వెళ్లి, చేతిలో జాకెట్టు గుడ్డ ఉంది కదా అని భాయ్ దుకాణం ముందు ఆగాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్తూనే ఉంటాను. ఇద్దరం ఏమీ జరగనట్టే ఉంటాం. ఆ రోజు మిషను పక్కన బల్ల మీద నల్ల లైనింగ్ గుడ్డ పట్టీలుగా కత్తిరించి గుట్టగా పోసి ఉంది. పహల్గాం మృతుల కోసం నమాజుకు నల్ల పట్టీలు కట్టుకుని రమ్మని ఆ వారం పిలుపు వచ్చింది. భాయ్ చేతికి ఒకటి ఉంది. "వీధిలో అందరికీ నేనే కత్తిరించాను మేడం, వంద దాకా" అన్నాడు. ఆ పట్టీల అంచులు కూడా అచ్చు కొలిచినట్టు సమానంగా ఉన్నాయి. ఖాకీ కవరు గుర్తొచ్చింది. ఇది దుఃఖమా, ఇంకో సెట్టు జిరాక్సులా అని అనుమానం వచ్చింది. రెండూ అయి ఉండవచ్చు. అడిగే మొహం నాకు లేదు.

గుడ్డ తీసి బల్ల మీద పెట్టాను. టేపు మెడలో వేసుకుంటూ అడిగాడు. పెద్దమ్మాయికి పెళ్లయింది, అల్లుడికి తిరుపతిలోనే పని దొరికింది, ఇల్లు చూస్తున్నారు. "మీ మేడ మీద పోర్షన్ ఏమైనా ఖాళీ ఉందా మేడం?"

"లేదు భాయ్. వేరే వాళ్లున్నారు."

నిజంగానే ఉన్నారు. మూడేళ్లుగా ఉన్నారు. కానీ ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందంటే నాకే అబద్ధంలా వినిపించింది. ఇంకేదైనా కలపాలని నోరు తెరిచాను. ఆయన అప్పటికే కొలతల పుస్తకం తీసి, పెన్సిల్ కోసం వెతుకుతున్నాడు.

"సరే మేడం. పాత కొలతే కదా?"